కోర్టు బెంచీ మీద పక్కకి జరిగిన నాన్న

ప్రశ్న: నమస్తే అండి. మాది తార్నాక. నేను అప్పుడప్పుడు కథలు రాస్తుంటాను, ఇప్పటికి 3 అచ్చయ్యాయి. 6 ఏళ్ళ కింద మా తమ్ముడు హబ్సిగూడ దగ్గర బైక్ మీద వస్తుంటే కారు గుద్ది చనిపోయాడు, వాడికప్పుడు 19. కారు నడిపిన అబ్బాయికి 22. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైర్ అయ్యారు, పొద్దున్నే స్నానం చేసి విష్ణు సహస్రనామం చదవందే టీ కూడా ముట్టని మనిషి. ఆయన ఆ అబ్బాయిని క్షమించేశారు. దాన్నే కథగా రాశాను. కోర్టులో తండ్రి లేచి "నిన్ను మా ఇంట్లో అందరం క్షమించాం బాబూ, ఆ రాముడే నాతో ఈ మాట అనిపిస్తున్నాడు, కేసు వాపస్ తీసుకుంటున్నా" అని అబ్బాయిని కౌగిలించుకుంటాడు, అదే క్లైమాక్స్. మా రైటర్స్ గ్రూప్‌లో చదివినవాళ్ళంతా నమ్మేలా లేదన్నారు. నిజంగా జరిగిందే రాస్తే ఎందుకు నమ్మరు? (అంటే నాన్న నిజానికి అంత మాట్లాడలేదు. ఒక వాయిదా రోజు ఆ అబ్బాయి కూర్చోడానికి చోటు లేక నిలబడితే నాన్న పక్కన పెట్టుకున్న చేతిసంచి ఒళ్ళోకి తీసుకుని కొంచెం జరిగారు, అంతే. కానీ అంత చిన్నది కథకి సరిపోదు కదా.) తమ్ముడు పోయాక 8 నెలలు నాన్న దేవుడి గూడు వైపే వెళ్ళలేదు, అమ్మే దీపం పెట్టేది. ఇది కథలో పెట్టలేదు, భక్తుడు కదా, బాగుండదని. ఇంకోటి, నేను మాత్రం ఆ అబ్బాయిని ఇప్పటికీ క్షమించలేదు, ఒక్కోసారి నాన్నని కూడా. కథ అచ్చుకి పంపేముందు నాన్నకి చూపించాలా వద్దా?

సమాధానం:

అమ్మా, మీ కథ ఒకసారి చదివాను, ఉత్తరం మాత్రం నాలుగుసార్లు చదివాను. ఉన్నదున్నట్టు చెప్తాను, బాధపడకండి. మీరు కథ రాసి పంపించారు గానీ అసలు కథ ఉత్తరంలో బ్రాకెట్లో పెట్టేశారు.

ఆ సంచి సంగతి. "అంతే" అని రాశారు కదా, నేను ఆ "అంతే" దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. కోర్టు వరండా ఎలా ఉంటుందో మనకి తెలుసు, ఉన్న ఒకటి రెండు బెంచీలకి ఇరవై మంది ఉంటారు, పేరు ఎప్పుడు పిలుస్తారో తెలీదు, పదిన్నరకి రమ్మంటే ఒక్కోసారి మూడు దాకా అక్కడే, లాయరు గారు ఇంకో హాల్లో ఉన్నారంటారు. ఆ బెంచీ మీద చోటు దొరకడమే ఎక్కువ. అలాంటి చోట తన కొడుకుని గుద్దినవాడు ఎదురుగా నిలబడి ఉంటే ఒక తండ్రి సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కూర్చో అనలేదు, వాడి వైపు చూశారో లేదో కూడా మీరు రాయలేదు. ఆ సంచిలో ఏముందో మీకు తెలుసా? కేసు కాగితాలా, మంచినీళ్ళ సీసానా, తమ్ముడి ఫొటో ఏమైనా ఉందా? ఆ అబ్బాయి వెంటనే కూర్చున్నాడా, కాసేపు ఆగి కూర్చున్నాడా, అసలు కూర్చున్నాడా? ఇవి తెలుసుకుని రాయండి. మీ కథకి క్లైమాక్స్ అదే, దానికి పెద్ద డైలాగ్ అక్కర్లేదు.

నిజంగా జరిగిందే రాస్తే ఎందుకు నమ్మరు అని అడిగారు. మీరు రాసింది జరగలేదు కదమ్మా. జరిగింది పక్కన పెట్టి, జరిగి ఉంటే బాగుండేది అనుకున్నది రాశారు. చదివేవాళ్ళకి మీ ఇంటి సంగతులు తెలీవు గానీ ఒక మనిషి నోట్లో పట్టని మాట పెడితే మాత్రం తెలిసిపోతుంది. రైల్వే వర్క్‌షాప్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి, ఇంట్లోనే నాలుగు మాటలు మాట్లాడని మనిషి (ఇది మీ కథలో మొదటి పేజీలో మీరే రాశారు), కోర్టులో లేచి రాముడి పేరు చెప్పి ఉపన్యాసం ఇస్తాడా? మీ గ్రూప్‌లో వాళ్ళు క్షమించడాన్ని నమ్మకపోవడం కాదనుకుంటా, ఆ ఉపన్యాసం దగ్గరే ఆగిపోయి ఉంటారు.

ఇక ఆ 8 నెలలు. భక్తుడు కదా బాగుండదని తీసేశానన్నారు. నాకు బాగా బాధ కలిగింది ఇక్కడే, ఎందుకంటే భక్తి గురించి మనం కథల్లో చేసే పెద్ద తప్పు ఇదే, భక్తుడంటే అసలు కదలనివాడు, కోపం రానివాడు, దేవుడితో గొడవపడనివాడు అన్నట్టు రాస్తాం. మన గోల్కొండలోనే ఉంది కదా రామదాసు బందీఖానా, చిన్నప్పుడు స్కూల్ వాళ్ళు తీసుకెళ్ళే ఉంటారు, గోడ మీద చెక్కిన బొమ్మలు చూపించి ఇవి ఆయన చెక్కినవే అని చెప్తారు. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న, సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని తానీషా ఖైదు చేయించాడు, 12 ఏళ్ళు అంటారు. ఆ మనిషి లోపల కూర్చుని రాముణ్ణి ఏమన్నాడు? ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు అన్నాడు. సీతమ్మకి నగలు చేయించాను, లక్ష్మణుడికి చేయించాను అని లెక్కలు చెప్పి మరీ అడిగాడు. అదే పాట చివర్లో, ఈ దెబ్బలకోర్వక అబ్బ తిట్టితినయ్య, ఆయాసపడొద్దు అని ఆయనే బతిమాలుకున్నాడు. మూడు వందల ఏళ్ళకి పైనుంచీ మనం ఆ తిట్టు పాటనే భక్తి పాటగా పాడుకుంటున్నాం, ఎవ్వరూ ఆయన భక్తుడు కాదనలేదు. మీ నాన్న తిట్టలేదు కూడా, గూడు వైపు వెళ్ళడం మానేశారు అంతే. రోజూ మాట్లాడే మనిషితో మాటలు మానేయడం అంటే ఆ మనిషి లేడని అనుకోవడం కాదు కదా, ఉన్నాడు కాబట్టే అలిగాడు. ఆ 8 నెలలూ మీ నాన్న భక్తి ఎక్కడికీ పోలేదని నా నమ్మకం.

అమ్మ దీపం పెట్టేది అని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, కొడుకు పోయింది ఆవిడక్కూడా. ఆవిడ ఎలా పెట్టగలిగింది? పెట్టేటప్పుడు నాన్న ఏ గదిలో ఉండేవారు? కథలో అమ్మకి ఒకే ఒక్క డైలాగ్ ఉంది, అదీ "టిఫిన్ రెడీ" అని. ఇది మాత్రం సరిచేయండి తప్పకుండా.

ఇప్పుడు మీకు ఒక పాత కథ గుర్తుచేస్తాను, మీ కథకి ఇంతకన్నా దగ్గరి చుట్టం నాకు కనిపించలేదు. భారతం ఆదిపర్వంలో వసిష్ఠుడి కథ, నన్నయ గారి తెలుగులో కూడా ఉంటుంది. వసిష్ఠుడి పెద్ద కొడుకు శక్తి. ఒక ఇరుకు దారిలో కల్మాషపాదుడనే రాజు ఎదురొచ్చాడు, నువ్వు తప్పుకో అంటే నువ్వు తప్పుకో అనుకున్నారు (చూడండి, అక్కడా గొడవ దారి దగ్గరే), రాజు కొరడాతో కొట్టాడు, శక్తి రాక్షసుడివి కమ్మని శపించాడు. విశ్వామిత్రుడి ప్రేరణతో ఒక రాక్షసుడు ఆ రాజు లోపల ప్రవేశించాడు. ఆ రాజు ముందు శక్తినే తినేశాడు, తర్వాత మిగతా కొడుకుల్ని, మొత్తం 100 మందిని. వసిష్ఠుడు తలుచుకుంటే ఏమైనా చేయగలిగినవాడు, అయినా ఎదురు దెబ్బ తీయలేదు, పెద్ద కొండ భూమిని మోసినట్టు ఆ దుఃఖాన్ని మోశాడు అంటుంది భారతం.

మామూలుగా కథ చెప్పేవాళ్ళు ఇక్కడితో ఆపేస్తారు, అబ్బ ఎంత ఓర్పో అని. భారతం ఆపలేదు. వెంటనే చెప్తుంది, ఆయన చచ్చిపోదామనుకున్నాడని. మేరువు మీంచి దూకాడు, చావలేదు. మంటల్లోకి వెళ్ళాడు, కాలలేదు. మెడకి రాయి కట్టుకుని సముద్రంలో పడ్డాడు, అలలు ఒడ్డుకి తెచ్చి పడేశాయి. తాళ్ళతో ఒళ్ళంతా కట్టుకుని నిండు నదిలో దూకాడు, ఆ నది తాళ్ళు తెంపి బయటపడేసింది, అందుకే దానికి విపాశ అని పేరొచ్చింది, ఇప్పుడు బియాస్ అంటున్నాం. ఇంకో నదిలో దూకబోతే అది వంద పాయలై పక్కకి పోయింది, అది శతద్రువు, మన సట్లెజ్. బ్రహ్మర్షి అమ్మా ఆయన, ఏడుగురు ఋషుల్లో ఒకడు, అన్నిసార్లు చావబోయాడని దాచకుండా రాశారు. దాచుంటే ఆ తర్వాత జరిగింది మనం నమ్మేవాళ్ళమే కాదు.

ఆ తర్వాత ఏమైందంటే, ఆశ్రమానికి తిరిగొస్తుంటే వెనకాల ఎవరో వేదం చదువుతున్నట్టు వినిపించింది. చూస్తే శక్తి భార్య అదృశ్యంతి, ఆవిడ కడుపులో ఉన్న బిడ్డ చదువుతున్నాడు. అప్పుడు చావు ఆలోచన మానేశాడు. అప్పుడే ఆ రాజు మళ్ళీ ఎదురొచ్చాడు, ఆ కోడలి మీదకే రాబోయాడు. వసిష్ఠుడు ముందు వాణ్ణి ఆపాడు. ఆపి, మంత్రజలం చల్లి ఆ రాక్షసత్వం నుంచి విడిపించాడు, అప్పటికి 12 ఏళ్ళు గడిచాయి. వెళ్ళి రాజ్యం చేసుకో, ఇకమీదట బ్రాహ్మణుల్ని అవమానించకు అని చెప్పి పంపించాడు. కౌగిలింత లేదు. ముందు కోడల్ని కాపాడుకోవడం, తర్వాత విడిపించడం, పంపించేటప్పుడు ఒక షరతు, ఇదీ వరస.

మీ కథలో ఆ 12 ఏళ్ళు లేవు. చావు జరిగిన పేజీకి, కౌగిలించుకున్న పేజీకి మధ్య రెండు పేజీలే ఉన్నాయి, అందులోనూ ఒకటి గుడి వర్ణన. ఖురాన్‌లో యూసుఫ్ కథ ఉంటుంది, పాతబస్తీలో మీ ఫ్రెండ్స్ ఎవరినైనా అడగండి చెప్తారు, అన్నలు బావిలో పడేసిన కొడుకు యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి తండ్రి యాకూబ్ కళ్ళు పోగొట్టుకుంటాడు, చివరికి మిగతా కొడుకులు తప్పు ఒప్పుకుని మా కోసం దేవుణ్ణి క్షమాపణ అడగండి నాన్నా అంటే, అడుగుతానులే అంటాడు ఆయన, ఆ క్షణమే అడిగేయడు. ఆ "అడుగుతాను" మీద వ్యాఖ్యానాలు రాసిన పెద్దలు తెల్లవారుజాము దాకా ఆగాడని అంటారు. ఎంత భక్తి ఉన్న తండ్రికైనా కొంచెం టైం కావాలి, ఆ టైం పేజీ మీద కనపడాలి.

ఇక కొన్ని చిన్న తప్పులు, త్వరగా చెప్పేస్తాను. కేసు వాపస్ తీసుకోవడం అనేది మీ నాన్న చేతిలో లేదు. 6 ఏళ్ళ కింద జరిగింది కాబట్టి అది పాత ఐపీసీ 304-ఎ కేసు, నిర్లక్ష్యంగా ప్రాణం తీయడం, గరిష్ఠంగా 2 ఏళ్ళ శిక్ష (2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో సెక్షన్ 106, అందులో 5 ఏళ్ళ దాకా పెంచారు). అది రెండు పార్టీలు కూర్చుని రాజీ చేసుకునే కేసుల లిస్టులో లేదు, నడిపేది సర్కారు. తండ్రి క్షమించినా వాయిదాలు నడుస్తూనే ఉంటాయి. ఇది మీ కథకి అడ్డం అనుకోకండి, చాలా మంచి సంగతి, క్షమించిన మనిషి కూడా మళ్ళీ మళ్ళీ అదే వరండాకి వచ్చి అదే బెంచీ మీద కూర్చోవాలి. అలాగే యాక్సిడెంట్ క్లెయిమ్ వేరే ట్రిబ్యునల్‌లో నడుస్తుంది, అక్కడ డబ్బు మామూలుగా ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తుంది. మీ కథలో తండ్రి క్లెయిమ్ వద్దని కాగితాలు చింపేస్తాడు, ఎందుకు చింపాలి? ఇంట్లో ఆడపిల్ల ఉంది, భార్య ఉంది, క్లెయిమ్ కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యే సంచి తీసి చోటిచ్చింది అని రాస్తే ఆ మనిషి ఇంకా నిజమైపోతాడు.

ఇంకొకటి, మీ కథలో పదిహేనో రోజు తండ్రి పద్మారావునగర్ స్కందగిరికి వెళ్ళి అర్చన చేయిస్తాడు. ఇంటింటికీ ఆచారం వేరే గానీ చాలా ఇళ్ళల్లో ఏటిసూతకం అని ఏడాది గుడి మెట్లెక్కరు, నిష్ఠ ఉన్న మనిషైతే అసలే ఎక్కడు. చదివే పెద్దవాళ్ళు అక్కడే పుస్తకం మూసేస్తారు. మీ ఇంట్లో ఏం పాటించారో అదే రాయండి. దానికన్నా ముఖ్యం, కర్మ ఎవరు చేశారు? తమ్ముడికి పెళ్ళి కాలేదు కాబట్టి మీ నాన్నే చేసుంటారు. రేపు తనకి పిండం పెట్టాల్సిన కొడుక్కి తనే పిండం పెట్టాడు ఒక మనిషి. అన్నేళ్ళు మంత్రాలు చదివిన నోటితో ఆ రోజు ఏ మంత్రం చెప్పాల్సి వచ్చిందో, తర్వాత 8 నెలలు గూడు వైపు ఎందుకు వెళ్ళలేకపోయారో నాకైతే అక్కడే అర్థమైంది. కథలో ఇది ఒక్క పేరా కూడా లేదు.

ఇప్పుడు మీ సంగతి. మీరు ఆ అబ్బాయిని క్షమించలేదు, నాన్నని కూడా ఒక్కోసారి క్షమించలేకపోతున్నారు. ఈ వాక్యం రాయడానికి మీకెంత కష్టమైందో నాకు తెలుస్తోంది, ఉత్తరంలో దాన్ని మధ్యలో ఎక్కడో దూర్చేశారు. దీన్ని కూడా కథలోకి తీసుకురండి. కథ చెప్పేది కూతురే కదా, మరి ఆ కూతురు మొదటి నుంచి చివరి దాకా తండ్రిని చూసి గర్వపడుతూనే ఎందుకుంటుంది? నాన్న సంచి తీసి చోటిచ్చినప్పుడు మీరు ఆ పక్కనే ఉన్నారా? ఉంటే మీకు లోపల ఏమనిపించింది? లేచి వెళ్ళిపోయారా? నేనైతే లేచి వెళ్ళిపోయేదాన్నేమో. ఆ అబ్బాయి నాన్నకి అటు పక్కన, మీరు ఇటు పక్కన కూర్చుని ఉన్నారంటే అదే మీ కథ మొత్తం.

కోపం ఉన్నందుకు మీరు తక్కువ మనిషి అయిపోయారని మాత్రం అనుకోవద్దు. వసిష్ఠుడి మనవడు, ఆ కడుపులో వేదం చదివిన పిల్లాడే పరాశరుడు, పెద్దయ్యాక నాన్న ఎలా పోయాడో అమ్మ చెప్తే లోకాలన్నీ తగలబెట్టేస్తానన్నాడు. తాత వద్దని నచ్చజెప్పాడు. సరే లోకాల్ని వదిలేసి రాక్షసుల్ని మాత్రం యజ్ఞంలో వేసి కాల్చడం మొదలుపెట్టాడు, ఈసారి తాత ఆపలేదు, చివరికి పులస్త్యుడు లాంటి పెద్దలు వచ్చి ఆపాల్సొచ్చింది. అంటే ఒకే ఇంట్లో తాత వదిలేశాడు, మనవడు వదల్లేకపోయాడు, తాత తన ఓర్పుని మనవడి నెత్తిన రుద్దలేదు. అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ ప్రహ్లాదుడి మాటే చెప్తుంది, మనవడు బలి అడిగితే ఆయన అన్నాడట, ఎప్పుడూ పౌరుషమే మంచిది కాదు, ఎప్పుడూ క్షమే మంచిది కాదు అని. తనని చంపబోయిన తండ్రి కోసం నరసింహస్వామిని వేడుకున్న ప్రహ్లాదుడే ఆ మాట అన్నాడు. ముందు మేలు చేసినవాణ్ణి, తెలియక చేసినవాణ్ణి, మొదటిసారి తప్పు చేసినవాణ్ణి క్షమించొచ్చు అని కూడా విడమరిచి చెప్పాడు. ఆ 22 ఏళ్ళ అబ్బాయి వీటిలో ఎక్కడ పడతాడో మీ నాన్న ఆలోచించుకునే ఉంటారు. మీరు ఇంకా ఆలోచిస్తున్నారు, ఆలోచించుకోండి, తొందరేం లేదు.

అందుకే "మా ఇంట్లో అందరం క్షమించాం" అనే డైలాగ్ కొట్టేయండి. ఆయన తన వాటా వదులుకున్నారు, అమ్మ వాటా, మీ వాటా ఆయన వదల్లేరు. తమ్ముడి వాటా అసలే కాదు, వాడు లేడు చెప్పడానికి. సంచి తీసినప్పుడు ఖాళీ అయ్యింది కూడా ఆయన పక్కన చోటే కదా, మీ చోటు ఆయన ఇచ్చేయలేదు. ఒక్కోసారి నాన్నని క్షమించలేకపోతున్నానన్నారు, బహుశా ఆయన మీ తరఫున కూడా ఇచ్చేశారని మీకు అనిపించి ఉంటుంది. అనిపిస్తే ఆ మాట కూతురితో కథలో అనిపించండి, తండ్రికి జవాబు ఇవ్వకండి, వినిపించండి చాలు.

చివరిది, నాన్నకి చూపించాలా అని. చూపించండి. ఇది ఆయన కొడుకు చావు, ఆయన పూజ, ఆయన మౌనం, ఆయనకి తెలీకుండా అచ్చులో రావడం న్యాయం కాదు. కానీ ఇప్పుడున్న డ్రాఫ్ట్ చూపించకండి, అందులో ఉన్న తండ్రిని ఆయన గుర్తుపట్టరు, నా గురించి ఇలా అనుకుంటున్నావా అని మొహమాటపడి బాగుందమ్మా అనేసి ఇచ్చేస్తారు. ముందు ఏ సాయంత్రమో పక్కన కూర్చుని ఆ రోజు సంచిలో ఏముంది నాన్నా అని అడగండి. చెప్తే రాయండి. చెప్పకపోతే చెప్పలేదనే రాయండి. రాశాక ఆ 8 నెలల సంగతి తీసేయమని ఆయన అంటే మాత్రం ఇంకో మాట లేకుండా తీసేయండి, కథ కొంచెం పల్చబడుతుంది, పర్లేదు, ఇంకో దారి వెతుక్కుందాం. అమ్మకి కూడా చదివి వినిపించండి, దీపం సంగతి ఆవిడే సరిచేస్తుంది.

మళ్ళీ రాశాక నాకు పంపండి, ఎన్ని పేజీలైనా చదువుతాను.